ఞకారం – జ్ఞ సంయుక్తాక్షరం: ఉచ్చారణ భేదాల చారిత్రక పరిశీలన

తెలుగు వర్ణమాలలో చవర్గం చివర ఞకారానికి స్థానం ఉంది. దానికి గుణింతం కూడా రాయిస్తారు. కాని ఆ అక్షరంతో మొదలయ్యే తెలుగు మాటను వాచకం చూపలేదు. ఒంటరిగా పదమధ్యంలో నిలిచిన ఞకారాన్నీ చూపలేదు. జకారం కింద వత్తుగా చేరినప్పుడు మాత్రం అది జ్ఞానం, విజ్ఞప్తి, ఆజ్ఞ, యజ్ఞం, కృతజ్ఞత వంటి మాటలలో నిత్యవ్యవహారంలో కనిపిస్తుంది. అక్కడ కూడా తెలుగువారి నోట వినిపించేది చాలావరకు ఞ కాదు, న. దానికి ముందున్న జకారం సైతం జగా గాక గగా పలుకుతుంది. రాత జ్ + ఞ. పలుకు గ్ + న.

ఈ వైరుధ్యంపై రెండు అభిప్రాయాలు ప్రచారంలో ఉన్నాయి. తెలుగువారి 'గ్న' ఉచ్చారణ అజ్ఞానజనితమైన దోషమని, తరగతి గదిలో దానిని దిద్దవలసిందేనని ఒక పక్షం. పలకని అక్షరాన్ని వర్ణమాలలో మోయడం దేనికని మరొక పక్షం. ఈ రెండు తీర్పులూ ఞకారం చరిత్రను విచారించకుండా చేసినవే. భారతీయ భాషలు జ్ఞను ఎన్ని విధాలుగా పలుకుతున్నాయో, వాటిలో తెలుగు పలుకు ఎందుకు ఈ రూపం తీసుకొన్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సంస్కృతంలో ఞకారం

ఞ తాలవ్యానునాసికం. నాలుక మధ్యభాగం కఠినతాలువును విశాలంగా తాకుతుండగా గాలి ముక్కు ద్వారా వెలువడితే ఈ ధ్వని పుడుతుంది. నకారంలో నాలుక కొన పని చేస్తుంది. ఞకారంలో కొన కిందికి వాలి నడుము లేస్తుంది. వినేవారి చెవికి ఇది న, య కలిసినట్లు తోస్తుంది. ఈ పోలికే దాని చరిత్రలో చాలా మార్పులకు దారి తీసింది.

సంస్కృతంలోనూ ఞ స్వతంత్ర వర్ణం కాదు. అది చవర్గాక్షరాల పక్కనే బతుకుతుంది. పంచ, అంజన, వాంఛ వంటి మాటలలో చవర్గానికి ముందు, యజ్ఞ, యాచ్ఞ వంటి వాటిలో చవర్గానికి తరువాత వస్తుంది. యజ్ ధాతువుకు, యాచ్ ధాతువుకు పాణిని విధించిన ప్రత్యయం ఒక్కటే, నఙ్ (అష్టాధ్యాయి 3.3.90). ఆ ప్రత్యయంలోని నకారం జ, చల సాంగత్యంతో శ్చుత్వం పొంది ఞకారమవుతుంది (8.4.40). అదే ప్రత్యయంతో సిద్ధించిన 'ప్రశ్న' శబ్దంలో మాత్రం నకారం నకారంగానే మిగిలింది. శకారం తరువాత ఈ మార్పు రాదని పాణిని ప్రత్యేకంగా నిషేధించాడు (8.4.44). అంటే యజ్ఞలోని ఞ పుట్టుకతో నకారమే. అవెస్తాలో ఈ మాటకు సోదరపదం 'యస్న'. అందులో ఇప్పటికీ నకారమే ఉంది.

జ్ఞా ధాతువు విషయం కొంత భిన్నం. లాటిన్ 'గ్నోస్కో', గ్రీకు 'గిగ్నోస్కో' దీని సజాతీయాలు. అక్కడ గ్న, తెలుగు నోట గ్న వినగానే మనవారి పలుకే ప్రాచీనమని సంబరపడడం కద్దు. అది తొందరపాటు. మూల ఇండో-యూరోపియన్ తాలవ్యీకృత గకారం సంస్కృతంలో జగా మారిన తరువాతనే ఈ మాటలు మన ప్రాంతానికి చేరాయి. లాటిన్ గ్నకు, తెలుగు గ్నకు వారసత్వ సంబంధం ఏదీ లేదు.

స్పర్శాక్షరం తరువాత అనునాసికం వచ్చినప్పుడు రెండింటి నడుమ మరొక క్షణిక ధ్వని పుడుతుందని ప్రాతిశాఖ్యకారులు గుర్తించి దానికి 'యమం' అని పేరు పెట్టారు. నోటిలోని అడ్డు తొలగకముందే ముక్కు ద్వారం తెరచుకొనడం దీనికి కారణం. జ్ఞను గ్ఞగా పలకడానికి ఈ యమాన్ని ఆధారంగా చూపేవారున్నారు. కాని జకారం తరువాత వచ్చే యమం జకారానికే అనునాసిక ప్రతిరూపం కావాలి. అది గకారం ఎలా అయిందో యమసిద్ధాంతం చెప్పదు. ఈ సంధిస్థానంలో ఉచ్చారణ చిక్కు ఉందని ఆనాడే గమనించారన్నంతవరకే ఆ సాక్ష్యం పనికివస్తుంది.

ప్రాకృతాలలో మూడు దారులు

ఆ చిక్కును ప్రాకృతాలు పరిష్కరించిన తీరు అశోకుని శాసనాలలోనే తెలుస్తుంది. 'రాజ్ఞా' అన్న తృతీయావిభక్తి రూపం గిర్నార్ శిలపై 'రాఞా' అని ఉంది. జకారం లోపించి ఞ మిగిలింది. ధౌలి, జౌగడ శాసనాలలో అదే రూపం 'లాజినా'. అక్కడ జకారం నిలిచింది. నడుమ ఇకారం చేరి సంయుక్తం విడిపోయింది. తాలవ్య సాంగత్యం పోయింది కనుక అనునాసికం మళ్ళీ నకారమైంది.

పాలిభాష గిర్నార్ దారిలో నడిచింది. ఞాణ, యఞ్ఞ, సఞ్ఞా, పఞ్ఞా, విఞ్ఞాణ మొదలైనవి ప్రసిద్ధాలు. పాలిలో ఞకారానికి ఇంకొక బలం కూడా కలిసివచ్చింది. సంస్కృత న్య, ణ్యలు సైతం అక్కడ ఞ్ఞ అయ్యాయి: కఞ్ఞా, అఞ్ఞ, పుఞ్ఞ. సంస్కృతంలో పరాధీనంగా ఉన్న ఞ పాలిలో పదాదిలోను, అచ్చుల నడుమ ద్విత్వంగాను నిలబడగల పూర్తి వర్ణమైంది.

మాహారాష్ట్రీ ప్రాకృతం మూడవ దారి పట్టింది. అక్కడ జ్ఞ స్థానంలో పదాదిని ణ, పదమధ్యంలో ణ్ణ వస్తాయి. ణాణ, జణ్ణ, సణ్ణా, విణ్ణాణ, ఆణా అన్నవి ఉదాహరణలు. వరరుచి ప్రాకృతప్రకాశం, హేమచంద్రుని వ్యాకరణం రెండూ ఈ ణాదేశాన్ని విధించాయి. మాగధి, పైశాచి భాషలకు మాత్రం హేమచంద్రుడు ఞ్ఞనే చెప్పాడు.

తెలుగునేలపై చలామణి అయిన ప్రాకృతం వీటిలో ఏ దారిది? శాతవాహన నాణేలపై 'రాఞో' అన్న రూపం ఉంది. యజ్ఞశ్రీ శాతకర్ణి పేరు నాణేలపై 'సిరి యఞ' అని ఉంది. నాటి బ్రాహ్మీలో ద్విత్వం రాసే అలవాటు లేదు కనుక దానిని 'యఞ్ఞ' అని చదవవచ్చు. అంటే క్రీ.శ. 2వ శతాబ్దంలో పాలకుల ముద్రపై ఞకారం నిక్షేపంగా ఉంది. ఆ దారినే మాటలు తెలుగులోకి వచ్చి ఉంటాయని అనుకోవడం సహజం. తద్భవాలు మాత్రం వేరే కథ చెబుతున్నాయి.

తెలుగు తద్భవాల సాక్ష్యం

యజ్ఞము – జన్నము, ఆజ్ఞ – ఆన, సంజ్ఞ – సన్న, విజ్ఞాపన – విన్నపము, ప్రతిజ్ఞ – ప్రతిన. వీటన్నిటిలో జకారం జాడ లేదు, గకారం జాడ అసలే లేదు. జ్ఞకు ప్రతిగా న లేదా న్న ఉంది. ఇది పాలి ఞ్ఞ నుండి వచ్చిందా, మాహారాష్ట్రీ ణ్ణ నుండి వచ్చిందా? తెలుగులో స్వతంత్ర ఞకారం లేదు కనుక ఞ్ఞ వచ్చినా న్న కావలసిందే. రూపం చూసి తేల్చడం పైకి కష్టంగానే కనిపిస్తుంది.

జన్నము అన్న మాటలోని మొదటి అక్షరం ఈ సందేహాన్ని తీరుస్తుంది. పాలిలోను, నాణేలపైన యకారం పదాదిని యకారంగానే ఉంది. దానిని జకారం చేసింది మాహారాష్ట్రీ వర్గం. కనుక జన్నము 'జణ్ణ' నుండి వచ్చిందే కాని 'యఞ్ఞ' నుండి కాదు. పొరుగు భాషలు కూడా దీనినే బలపరుస్తున్నాయి. తెలుగు విన్నపానికి తమిళంలో 'విణ్ణప్పం', తెలుగు ఆనకు తమిళంలో 'ఆణై', కన్నడంలో 'ఆణె'. ణకారాన్ని కాపాడుకొన్న భాషలలో ణకారమే ఉంది. తెలుగు దానిని నకారం చేసింది.

ఆ మార్పు తెలుగులో ఈ మాటలకే పరిమితం కాదు. తమిళ కణ్, మణ్, వెణ్ణెయ్‌లకు తెలుగులో కన్ను, మన్ను, వెన్న ఉన్నాయి. ప్రాకృత వణ్ణ, పుణ్ణిమాల నుండి వన్నె, పున్నమి వచ్చాయి. దేశ్యాలకు, ప్రాకృతభవాలకు ఒకే సూత్రం పనిచేసిందన్నమాట. 'రాణి' శబ్దం ఈ వరుసలో ఇమడదు. రాజ్ఞీ శబ్దానికి పరిణామమైన ఈ మాటలో ణకారం చెక్కుచెదరలేదు. ణ నకారమయ్యే దశ దాటిన తరువాత ఉత్తరాది భాషల నుండి ఇది తెలుగులోకి వచ్చిందని ఊహించడానికి ఆ ఒక్క అక్షరమే ఆధారం.

కనుక జ్ఞ తెలుగులోకి రెండుసార్లు వచ్చింది. మొదట చెవి ద్వారా, ప్రాకృతం మీదుగా, న్నగా. తరువాత కంటి ద్వారా, సంస్కృత గ్రంథాల మీదుగా, జ్ఞగా. ఆన, ఆజ్ఞ ఒకే మాటకు రెండు వయసులు. గ్న ఉచ్చారణ రెండవ రాకకు చెందినది.

ద్రావిడ ఞకారం

తెలుగులో స్వతంత్ర ఞకారం లేదన్నది నేటి స్థితి. మూలద్రావిడ భాషకు మాత్రం ఞకారాన్ని పండితులు పునర్నిర్మించారు. మలయాళం దానికి నేటికీ పుట్టినిల్లు. ఞాన్ (నేను), ఞంఙళ్ (మేము), ఞండ్ (ఎండ్రకాయ) ఆ భాషలో నిత్యవ్యవహార పదాలు. ఉన్న ఞకారం చాలదన్నట్లు మలయాళం కొత్తవాటిని కూడా తయారు చేసుకొంది. తమిళ మంజళ్ (పసుపు) అక్కడ మఞ్ఞళ్; తమిళ కంజి, తెలుగు గంజి అక్కడ కఞ్ఞి. తమిళ అఱిందు (తెలిసికొని) అక్కడ అఱిఞ్ఞు.

తమిళంలో పరిస్థితి ఇంత సమృద్ధం కాదు. పదాదిని ఞకారం ఆ, ఎ, ఒ అనే మూడు అచ్చులతోనే వస్తుందని తొల్కాప్పియం నియమించింది. తరువాతి నన్నూల్ అకారాన్ని కూడా చేర్చింది. వ్యవహారంలో ఞండు నండు అయింది. ఆదివారానికి పేరైన ఞాయిఱు వంటి కొన్ని మాటలలో ఞ నిలిచింది. ఈ ఞాయిఱుకు (సూర్యుడు) కన్నడ రూపం నేసఱు. తెలుగు నిఘంటువులలోని నేసరు కూడా ఇదే. ఎండ్రి, ఎండ్రకాయలలో ఆద్యక్షరం పూర్తిగా లోపించింది. తెలుగులో పదాది ఞకారం చారిత్రక దశకు ముందే అంతరించిందని వీటిని బట్టి తెలుస్తుంది.

ఞాన్ – నేను జంటను కూడా ఇదే పట్టికలో చేర్చాలన్న ఆశ ఎవరికైనా కలుగుతుంది. చేర్చరాదు. తెలుగులో ప్రాచీన రూపం 'ఏను'. నన్నయ భాషలో అది సుపరిచితం. నేను లోని నకారం నన్ను, నా వంటి రూపాల సామ్యంతో తరువాత చేరినది కావచ్చు. ఇంతటి అందమైన ఉదాహరణను వదులుకోవడం కష్టమే, కాని ఆధారం దానికి అనుకూలంగా లేదు.

పదమధ్యంలో మాత్రం ఞ ధ్వని తెలుగులో సజీవంగా ఉంది. మంచి, గంజి అన్నప్పుడు నాలుక చేసేది ఞకారమే. కాని అక్కడ రాసేది పూర్ణబిందువు. మంౘు, పంౘు అన్నప్పుడు చకారం దంత్యం కనుక దాని ముందున్న బిందువు ఞ కాదు, దాదాపు న. బిందువు ఒకటే, పలుకు పక్క అక్షరాన్ని బట్టి మారుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో తెలుగుకు 36 వర్ణాలు చెప్పి, ఙ, ఞలను వాటిలో చేర్చక, సంస్కృత సమాలతో వచ్చే వర్ణాలలో పరిగణించాడు. దంత్య చజలను మాత్రం తెలుగు వర్ణాలలోనే చేర్చాడు. ఆధునిక భాషాశాస్త్రం వర్ణానికి, సవర్ణానికి నడుమ చూపే భేదాన్ని ఆ పరిభాష లేకుండానే సూరి పాటించాడనవచ్చు.

తత్సమాలలో జ్ఞ ఉచ్చారణ

సంస్కృత శబ్దాన్ని గ్రంథం నుండి యథాతథంగా తీసుకొన్నప్పుడు ప్రతి భాషకూ మళ్ళీ అదే చిక్కు ఎదురైంది. హిందీలో జ్ఞాన శబ్దం 'గ్యాన్', మరాఠీలో 'ద్న్యాన్', గుజరాతీలో 'గ్నాన్'. బెంగాలీలో పదమధ్య జ్ఞకు గకార ద్విత్వం వస్తుంది. విజ్ఞాన శబ్దం అక్కడ 'బిగ్గాన్'కు దగ్గరగా వినిపిస్తుంది, సంప్రదాయ ఉచ్చారణలో చివరి అచ్చుకు ముక్కుపలుకు తోడవుతుంది. కన్నడం, తెలుగు గ్న వైపు మొగ్గాయి. తమిళం 'ఞానం', 'విఞ్ఞానం', 'ఞాపకం' అని రాతలోనే జకారాన్ని వదిలేసింది. మలయాళంలో రాత జ్ఞయే అయినా పలుకులో తరచు ఞ, ఞ్ఞ వినిపిస్తాయి.

ఈ వైవిధ్యం పైకి గందరగోళంగా కనిపించినా, దీని వెనుక ఉన్న అంశాలు రెండే. మొదటిది జకారం గతి. తాలుస్థానంలో పూర్తిగా మూసుకొన్న స్పర్శధ్వని విడుదల ముక్కు ద్వారా జరిగితే దానిలోని ఊష్మాంశ వినపడదు. జను జగా గుర్తించడానికి చెవికి ఆ ఊష్మాంశే గుర్తు. అది లేనప్పుడు చెవి దానిని వెనుకనున్న గగానో, ముందున్న దగానో పోల్చుకొంటుంది. మరాఠీ ద వైపు వెళ్ళింది. మిగిలినవి గ వైపు. మరాఠీలో దంత్య జకారం ఉండడమే ఇందుకు కారణమని చెప్పబోతే, అదే దంత్య జకారం ఉన్న తెలుగు గ వైపు ఎందుకు వెళ్ళిందన్న ప్రశ్న అడ్డు వస్తుంది.

రెండవది ఞకారం గతి. న, య కలిసినట్లుండే ధ్వనిని విడగొట్టవలసి వచ్చినప్పుడు తెలుగు, గుజరాతీ నను తీసుకొన్నాయి. హిందీ యను తీసుకొన్నది. మరాఠీ రెండింటినీ ఉంచుకొన్నది. బెంగాలీ అనునాసికతను అచ్చుకు అప్పగించింది. తెలుగు వాడుకలోనే 'గ్యాపకం', 'గ్యానం' అనే పలుకులూ ఉన్నాయి. అవి హిందీ ప్రభావమే కానక్కరలేదు. ఞకారంలోని యకారాంశను పట్టుకొన్నా అవే వస్తాయి.

అయితే విడగొట్టవలసిన అవసరం అందరికీ కలగలేదు. స్వతంత్ర ఞకారం ఉన్న పాలి, తమిళ, మలయాళాలు జకారాన్ని వదులుకొని ఞను నిలుపుకొన్నాయి. తొల్కాప్పియం అనుమతించిన ఞాతోనే మొదలవుతుంది కనుక 'ఞానం' తమిళుల నోటికి పరాయిది కాలేదు. స్వతంత్ర ఞకారం లేని హిందీ, మరాఠీ, గుజరాతీ, బెంగాలీ, తెలుగు తత్సమ పఠనంలో స్పర్శాన్ని కాపాడి, ఞను తమకున్న ధ్వనులలోకి మార్చుకొన్నాయి. ఇది అన్ని భాషలకూ వర్తించే సూత్రమని అనలేము. ధోరణి మాత్రం స్పష్టం. తెలుగు గ్న పుట్టింది సంస్కృతం రాని నోళ్ళలో కాదు, ఞకారం లేని వర్ణవ్యవస్థలో.

థాయ్ భాషలో పాలి మాటలకు పట్టిన గతి కూడా ఈ ధోరణికి అనుగుణంగానే ఉంది. అక్కడ ఞకారానికి ప్రత్యేక అక్షరం రాతలో భద్రంగా ఉంది. పలుకు మాత్రం అక్షరం మొదట య, చివర న. పఞ్ఞా అక్కడ 'పన్యా', పుఞ్ఞ అక్కడ 'బున్'.

ఇటాలియన్‌లో దీనికి విలోమస్థితి కనిపిస్తుంది. లాటిన్ 'సిగ్నుం' అక్కడ 'సెఞ్ఞో' అయింది. గ, న అక్షరాలు రాసి ఞ్ఞ పలుకుతారు. తెలుగువారు ఞ రాసి గ్న పలుకుతారు. రోమన్ లిపిలో రాసిన పేర్లను ఉచ్చారణకు సాక్ష్యంగా వాడేవారు దీనిని గుర్తుంచుకోవాలి. తమిళ శైవాచార్యుడు ఞానసంబందర్ పేరును కూడా రోమన్ లిపిలో తరచు జీ, ఎన్ అక్షరాలతోనే మొదలుపెడతారు. తమిళులు పలికేది మాత్రం ఞ.

ఛందస్సులో గకారం

గ్న ఉచ్చారణ ఆధునిక కాలపు అశ్రద్ధ అన్న వాదానికి సమాధానం తెలుగు ఛందశ్శాస్త్రంలోనే ఉంది. యతి చెవికి సంబంధించిన నియమం. సంయుక్తాక్షరం యతిస్థానంలో ఉంటే అందులోని ఏ హల్లుతోనైనా మైత్రి కూర్చవచ్చు. ఆ లెక్కన జ్ఞకు చవర్గంతో మైత్రి సహజం. లాక్షణికులు అంతటితో ఆగక, విశేషయతి పేరుతో జ్ఞకు కవర్గాక్షరాలతో మైత్రిని అంగీకరించారు. జ్ఞలో రాతపరంగా కవర్గం లేశమైనా లేదు. చెవికి గకారం వినిపిస్తేనే అలాంటి నియమం అవసరమవుతుంది. నియమానికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టవలసి రావడాన్ని బట్టి, అది రాతకు విరుద్ధమన్న ఎరుకా వారికి ఉన్నదని తెలుస్తుంది. ఆ లాక్షణికులకు, వారు లక్ష్యంగా తీసుకొన్న కవులకు సంస్కృతం రాదనడం సాహసం.

పద్యపాఠం చెప్పేటప్పుడు విశేషయతిని కేవలం మినహాయింపుల జాబితాలో ఒక అంశంగా చెప్పి వదిలివేయడం పరిపాటి. అదే తరగతిలో మరొక గంటలో జ్ఞను గ్నగా చదివిన విద్యార్థిని తప్పుపట్టడమూ జరుగుతున్నది. వేదపఠనంలో శిక్షాగ్రంథాల నియమం శిరోధార్యం; ఆ సంప్రదాయానికి లోబడినవారు ఞను ఞగా పలకవలసిందే. వాడుకలోని విజ్ఞానశాస్త్రానికి, విజ్ఞప్తికి ఆ నియమాన్ని అంటగట్టడానికి ఆధారం లేదు. అలాగని గ్న అని రాయడం మొదలుపెడితే ఆనకు, ఆజ్ఞకు, జన్నానికి, యజ్ఞానికి ఉన్న బంధుత్వం కంటికి కనిపించదు; యజ్ఞలోని జకారం యజమాన, యాజి శబ్దాల నుండి తెగిపోతుంది. మగ్న, భగ్న శబ్దాలలోని నిజమైన గ్నకు, జ్ఞకు ఉన్న భేదం కూడా రాతలోనే మిగిలి ఉంది.